'టేక్' అనే మాటకు యాభై ఏళ్లలో మారిన అర్థం: అమెరికా సముద్ర క్షీరదాల అనుమతుల నేపథ్యం

అమెరికా తీరంలో వంతెన కోసం సముద్రగర్భంలోకి పైల్స్ (పునాది స్తంభాలు) దిగగొట్టే కాంట్రాక్టరూ, తిమింగలం వీపుకు ట్రాన్స్‌మీటర్ అతికించే పరిశోధకుడూ ఒకే చట్టం కింద అనుమతి తీసుకోవాలి. 1972 అక్టోబర్ 21న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ఈ ప్రాణులను 'టేక్' చేయకూడదని నిషేధించింది. వేటాడటం, పట్టుకోవడం, చంపడంతో పాటు వేధించడాన్ని కూడా ఆ చిన్న మాటలోనే చేర్చింది. (మన వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే.)

అప్పటి ఆందోళనకు ఒక ప్రధాన కారణం తూర్పు పసిఫిక్‌లో ట్యూనా వలల్లో చిక్కుకుని ఏటా లక్షల్లో చనిపోతున్న డాల్ఫిన్లు. శాస్త్ర పరిశోధనకు, ప్రజా ప్రదర్శనకు అనుమతులు మొదటి నుంచే ఉన్నా, వేరే పని చేస్తుండగా అనుకోకుండా జరిగే వేధింపుకు వెసులుబాటు 1981 సవరణతో గాని విస్తరించలేదు. తక్కువ సంఖ్యలో ప్రాణులకు, నామమాత్రపు ప్రభావంతో పరిమితమయ్యే పనులకు అయిదేళ్ల వరకు అనుమతి ఇవ్వవచ్చని ఆ సవరణ చెప్పింది.

వేధింపు అంటే ఏమిటన్న ప్రశ్నను రచ్చకెక్కించింది మాత్రం నిర్మాణం కాదు, పరిశోధన. సముద్రంలో ధ్వని వేగాన్ని బట్టి నీటి ఉష్ణోగ్రతను కొలవవచ్చని భావించిన సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం 1991లో దక్షిణ హిందూ మహాసముద్రంలోని హెర్డ్ దీవి దగ్గర పంపిన ధ్వని అమెరికా రెండు తీరాల్లోనూ వినిపించింది. తర్వాత కాలిఫోర్నియా, హవాయిల వద్ద అలాంటి ధ్వని వనరులు పెట్టబోతే 1994లో తీవ్ర నిరసన రేగింది. తిమింగలాలపై ప్రభావాన్ని ముందుగా పరిశీలించే కార్యక్రమాన్ని జోడించిన తర్వాతే పని ముందుకు సాగింది. రోజంతా రొద చేసే సరుకు ఓడలకు అడ్డులేని చోట శాస్త్రవేత్తకు మాత్రం అనుమతి కావాలా అన్న వాదనలో న్యాయం లేకపోలేదు.

అదే 1994లో చట్టాన్ని మళ్లీ సవరించారు. గాయపరచగల వేధింపును 'లెవెల్ ఏ' అనీ, వలస, శ్వాస, పాలివ్వడం, సంతానోత్పత్తి, ఆహార సేకరణ వంటి నడవడికను భంగపరచగల దాన్ని 'లెవెల్ బీ' అనీ విడదీశారు. వేధింపుకే పరిమితమయ్యే పనులకు ఏడాది అనుమతి పద్ధతీ అప్పుడే వచ్చింది. అనుమతి ముసాయిదాపై ప్రజాభిప్రాయానికి 30 రోజులు ఇస్తారు. 2003 చివర్లో మాత్రం సైనిక సన్నద్ధత కార్యకలాపాలకు ఈ నిర్వచనాన్ని సడలించారు.

తీర నిర్మాణంలో ఈ అనుమతి ఎలా పనిచేస్తుందో శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లండ్ బే వంతెన తూర్పు భాగం పునర్నిర్మాణంలో కనిపిస్తుంది. 2000లో భారీ ఉక్కు పైల్స్‌ను ప్రయోగాత్మకంగా దిగగొట్టినప్పుడు చేపలు చచ్చాయి. శబ్దాన్ని తగ్గించడానికి పైల్ చుట్టూ గాలి బుడగల తెర కట్టే పద్ధతిని అక్కడ పరీక్షించారు. 2003 నుంచి సీళ్లు, సముద్ర సింహాలు, పోర్పాయిస్‌ల (డాల్ఫిన్‌ను పోలిన చిన్న ప్రాణుల) విషయంలో ఏడాది అనుమతులు వచ్చాయి. పాత వంతెన స్తంభపు పునాదిని 2015 నవంబర్‌లో పేల్చినప్పుడు కూడా బుడగల తెరా, కాపలా కాసే పరిశీలకులూ ఉన్నారు.

ఒకే సుత్తి దెబ్బ హంప్‌బ్యాక్ తిమింగలానికీ పోర్పాయిస్‌కూ ఒకేలా వినబడదు. అందుకే వినికిడి దెబ్బతినే హద్దును తిమింగల జాతులన్నిటికీ 180, సీళ్లకు 190 డెసిబెల్స్ అనే పాత లెక్క బదులు, వినికిడిని బట్టి విడదీసిన అయిదు వర్గాలకు వేర్వేరుగా 2016లో నిర్ణయించారు. కలత చెందడానికి మాత్రం సుత్తి దెబ్బ వంటి శబ్దానికి 160, ఎడతెగని శబ్దానికి 120 అనే పాత గీతలే ఇంకా అనుమతి పత్రాల్లో నడుస్తున్నాయి.