జామీను గురించి పర్లాకిమిడి కోర్టు దగ్గర వినపడే మాటలు: అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో వకీలుగా క్రిమినల్ కేసులు చూస్తుంటాను. పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్ర. పొలాలు, వియ్యాలు అటూ ఇటూ ఉన్న ఊరు. ఎవరినైనా అరెస్టు చేస్తే చుట్టాలు రెండు వైపుల నుంచీ వస్తారు, ఈ మాటలూ వాళ్లతోపాటే వస్తాయి.

అపోహ: "మంచోడైతే పోలీసులెందుకు పట్టుకెళ్తారు?"

చదువుకున్నవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారు. అరెస్టుకు కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి అని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతుంది. ముందస్తు నిర్బంధ చట్టాల (నేరం జరగకముందే పట్టి ఉంచే చట్టాల) సంగతి వేరు. పట్టుబడినవాడు మంచోడా కాదా అని మాత్రం ఆ అధికరణం అడగదు. శీలం చూసి స్వేచ్ఛ ఇవ్వడం మొదలుపెడితే, ఎవరి శీలం ఎంతో తేల్చే పని ఎస్సైగారి చేతిలో పడుతుంది. (ఆయన ఎంత మంచివారైనా సరే, నేను ఒప్పుకోను.)

అపోహ: "బెయిలొచ్చిందంటే కేసు కొట్టేసినట్టే."

కాదు. వాయిదాలకు తిరగాల్సిందే.

అపోహ: "జామీనుకు ఒడిశా మనిషే కావాలి."

జామీను ఉండటమంటే, బెయిలు మీద వదిలినవాడు వాయిదాలకు వస్తాడని మరొకరు పూచీ పడటం. అన్నిటికంటే ఎక్కువ మందిని జైల్లో ఉంచేస్తున్నది ఈ ఒక్క మాటే. మేనమామ పాతపట్నం నుంచి ఒన్‌బీ, అడంగల్ (పొలం రికార్డు) కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వస్తాడు. ఎవరో అవి తెలుగులో ఉన్నాయి, చెల్లవంటారు. ఆయన కవరు మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కేస్తాడు.

మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి ఇలాగే జరిగింది. 10,000 రూపాయల జామీను అడిగారు. అన్న జామీను ఉంటానంటే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, 1,000 రూపాయల సొంత పూచీకత్తు (జామీనుదారు లేకుండా ముద్దాయే రాసిచ్చే బాండు) మీద అతన్ని విడిచిపెట్టమన్నారు. బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయిన ఆంధ్రుడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కణ్ణుంచి తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. కాబట్టి మామయ్య కాగితాలు పనికొస్తాయి. తర్జుమా చేయించి, అఫిడవిట్ జతచేసి పెట్టండి. మేజిస్ట్రేటు అఫిడవిట్‌తో తృప్తి పడవచ్చు, జామీనుదారు స్తోమత విచారించమనీ చెప్పవచ్చు. విచారణంటే కొన్ని రోజులు పడుతుంది, బెంగపడొద్దు.

బెయిలబుల్ కేసయితే (అంటే బెయిలు హక్కుగా వచ్చేదైతే), పేదవాడు వారంలోగా జామీను తేలేకపోతే సొంత పూచీకత్తు మీదే వదలాలి. ఈ సంగతి ఎవరూ వాళ్లకు చెప్పరు.

అపోహ: "ఉచిత వకీలు తెల్లకార్డు వాళ్లకే."

ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేదు. న్యాయసేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

అపోహ: "వాడు పారిపోతే వాడి శిక్ష మనకు పడుతుంది."

పడదు. బాండులో రాసిన సొమ్ము వరకే మీ బాధ్యత. అది కట్టకపోతే, మీ ఆస్తి నుంచీ వసూలు కాకపోతే మాత్రం ఆరు నెలల వరకు సివిల్ జైలు ఉంటుంది. అందుకే మొత్తం ఎంతో చదివి సంతకం పెట్టండి. ఇంతకుముందు ఎంతమందికి జామీను ఉన్నారో దాచకుండా చెప్పండి. తర్వాత మనసు మారితే తప్పుకుంటానని మేజిస్ట్రేటుకు ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు కోర్టు ముద్దాయిని పిలిపించి వేరే జామీను తెమ్మంటుంది. తేలేకపోతే అతణ్ణి మళ్లీ లోపలికి పంపవచ్చు.