మెయిన్‌ఫ్రేమ్ ఇంజనీరు ఉద్యోగం మారాలంటే: అపోహలు - వాస్తవాలు

అపోహ: మెయిన్‌ఫ్రేమ్‌లనే భారీ కంప్యూటర్లపై నడిచే ప్రోగ్రామింగ్ భాష కోబాల్ పని అయిపోయింది, పదేళ్ళు అందులో గడిపినవారిని ఇక ఎవరూ తీసుకోరు.

వాస్తవం: 1959లో రూపకల్పన మొదలైన ఈ భాషకు కాలం చెల్లిందన్న మాట నేను ఉద్యోగంలో చేరిననాటి నుంచీ వింటున్నాను. 2020 ఏప్రిల్‌లో, కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ తెలిసినవారు సాయానికి రావాలని అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రానికి అప్పటి గవర్నరు ఫిల్ మర్ఫీ బహిరంగంగా అడగవలసి వచ్చింది. అయితే బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ విభాగాలు, వాటికి సేవలందించే కంపెనీలు దాటితే ఈ పని అరుదు కాబట్టి, వెతుకులాటకు నెలలు పట్టవచ్చు.

అపోహ: పాత అనుభవాన్ని వదిలేసి, అమీర్‌పేటలో కోర్సు చేసి, జావా డెవలపరుగా మళ్ళీ మొదలుపెట్టాలి.

వాస్తవం: కోర్సు చేయడం తప్పు కాదు, అనుభవాన్ని వదిలేయడమే తప్పు. మెయిన్‌ఫ్రేమ్ నుంచి క్లౌడ్‌కు మారే ప్రాజెక్టులకు జావా వచ్చినవారు సులువుగానే దొరుకుతారు గానీ, పాత ప్రోగ్రాము అలా ఎందుకు నడుస్తోందో చెప్పగలవారు దొరకరు. మెయిన్‌ఫ్రేమ్‌లో అక్షరాలను, అంకెలను కోడుగా దాచే పద్ధతి అయిన ఎబ్సిడిక్‌లో అక్షరాలు అంకెలకంటే ముందు వస్తాయి, మిగతా కంప్యూటర్లు వాడే ఆస్కీలో అంకెలే ముందు. ఈ సంగతి మరిచి ఫైళ్ళను మారిస్తే, సార్టు క్రమాన్ని నమ్ముకుని రాత్రిపూట లెక్కలన్నీ ఒకేసారి నడిపే బ్యాచ్ జాబులో ఖాతాలు ఒకదానితో ఒకటి సరిపోలవు. దశాంశ అంకెలను కచ్చితంగా దాచే కోబాల్ కాంప్-3 ఫీల్డులోని మొత్తాన్ని జావాలో అంతే కచ్చితమైన బిగ్‌డెసిమల్‌కు బదులు, దగ్గరి విలువను మాత్రమే దాచే డబుల్‌గా చదివితే వడ్డీ లెక్కలో పైసల తేడా రావచ్చు, బ్యాంకులో ఆ పైసల తేడాకే తెల్లవార్లూ కూర్చోవాలి. ఇంటర్వ్యూలు చేసేవాణ్ణి కనుక చెబుతున్నాను: కోబాల్, జేసీఎల్, డీబీ2 అని తెలిసిన మెయిన్‌ఫ్రేమ్ సాధనాల పేర్లను రెజ్యూమెలో వరుసగా పేర్చినవారికంటే, సాక్ సెవెన్ అబెండ్ (చెడ్డ డేటా వల్ల ప్రోగ్రాము మధ్యలో ఆగిపోవడం) వచ్చిన రాత్రి, అంకెలుండవలసిన ఫీల్డులోకి చెత్త విలువ ఏ ఫైలు నుంచి వచ్చిందో పట్టుకున్న తీరును వివరించినవారే నాకు గుర్తుంటారు.

అపోహ: పోటీ సంస్థలో చేరనని సంతకం చేశాను, కదలలేను.

వాస్తవం: భారత ఒప్పందాల చట్టం, 1872లోని 27వ సెక్షను ప్రకారం, వృత్తిని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు కనుక, ఉద్యోగం వదిలిన తరువాత కూడా వర్తించే ఇటువంటి షరతును మన కోర్టులు సాధారణంగా అమలుచేయవు. గోప్యత షరతు సంగతి వేరు. క్లయింటు కోడు ఒక్క లైను కూడా వెంట తీసుకెళ్ళకూడదు.

అపోహ: 90 రోజుల నోటీసు అంటే ఎవరూ ఆగరు.

వాస్తవం: పదిమంది దొరికే పోస్టుకు ఆగకపోవచ్చు. ఇద్దరే దొరికే పోస్టుకు ఆగిన మేనేజర్లను చూశాను, నేనూ ఆగాను.