ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే ఒక్క తీగ

నర్సంపేట దగ్గరి ఒక ఊళ్లో అయిదో తరగతి పిల్లలకు ఈ మూడే ఇచ్చి, టార్చిలైటు బల్బు వెలిగించమన్నాను. ఇంకేమీ చెప్పలేదు. దాదాపు అందరూ ముందు బల్బు మొనను సెల్లు బొడిపెకు ఆనించారు. వెలగలేదు. మధ్యలో తీగ పెట్టి చూశారు, అయినా వెలగలేదు. ట్యాంకులోంచి బకెట్లోకి నీళ్లొచ్చినట్టు కరెంటు కూడా బల్బులోకొచ్చి అయిపోతుందని వాళ్ల లెక్క. చాలామంది పెద్దల లెక్కా అదే.

సరిగ్గా ఇక్కడే మనం నోరు మెదపకూడదు. ఒకడు తీగ రెండు కొసలనూ సెల్లుకే ఆనించాడు, చెయ్యి చురుక్కుమని వదిలేశాడు. దారిలో బల్బు లేకపోతే కరెంటు ఎక్కువగా పారి తీగ వేడెక్కుతుంది. చివరికి ఒక పాప తీగ ఒక కొసను సెల్లు అడుగున నొక్కిపట్టి, రెండో కొసను బల్బు లోహపు తొడుగుకు చుట్టి, మొనను బొడిపెకు ఆనించింది. మసకగా వెలిగింది.

"సార్, మళ్ల తిరిగి రావాలె సార్!"

ఆ మాటే బోర్డు మీద రాసి, కింద 'వలయం' అని రాశాను. తర్వాత వలయాన్ని ఒకచోట తెంపి, ఆ సందులో రూపాయి బిళ్ల, దారం, చీపురుపుల్ల పెట్టి చూశారు.

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న: కరెంటు తీగ మీది కాకికి షాక్ ఎందుకు కొట్టదు? కాకి రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి. వాటి మధ్య వోల్టేజీ తేడా దాదాపు ఉండదు, కాబట్టి దాని ఒంట్లోంచి కరెంటు పారదు. బాయికాడ మనిషి సంగతి వేరు. కరెంటు తిరిగి వెళ్లే తీగను న్యూట్రల్ అంటారు, దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు. అందుకే బురదలో ఒట్టికాళ్లతో నిలబడి, కరెంటు లీకైన మోటారు స్టార్టర్ డబ్బాను తడి చేత్తో ముట్టుకుంటే, చెయ్యి, గుండె, కాళ్లు, నేల అన్నీ కలిసి వలయం పూర్తవుతుంది. మన సెల్లు 1.5 వోల్టులు. అక్కడ కరెంటు తెచ్చే ఒక్కో ఫేజు తీగకూ నేలకూ మధ్య దాదాపు 230. పైగా తడిసిన చర్మం కరెంటును బాగా అడ్డుకోలేదు.

లోహపు డబ్బాకు ఎర్త్ తీగ, అంటే డబ్బాను భూమికి కలిపే తీగ, సరిగ్గా ఉంటే, లీకైన కరెంటుకు అదే సులువైన దారి. అంత కరెంటు ఒక్కసారిగా పారితే ఫ్యూజు కొట్టేస్తుంది. మీ బాయికాడ ఆ తీగ ఉందో లేదో దూరం నుంచి చూసి రండి, ముట్టుకోవద్దు అని చెప్పి పంపాను.

మరునాడు నలుగురు లేదన్నారు. ఒక పిల్లవాడు మాత్రం, తీగ ఉంది గానీ సగంలో తెగి వేలాడుతోందని నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకొచ్చాడు.