మేలో బతికిన అగేవ్ ఆగస్టులో ఎందుకు కుళ్లుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండ చుట్టుపక్కల ఇళ్లకు తోటలు వేయడం నా పని. ఆగస్టు వచ్చిందంటే అగేవ్, అంటే కిత్తనార జాతి మొక్కల గురించి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఎండాకాలమంతా మంచిగున్న అగేవ్ ఇప్పుడు మొదట్ల మెత్తబడ్డది, ఏమైంది?" అని. మొక్కను చూడకముందే చెప్పేస్తాను, నీళ్లు నిలిచాయని.

అపోహ: ఎడారి మొక్క కదా, ఎక్కడ పెట్టినా బతుకుతుంది.

దీని సొంత ఊరు మెక్సికో, దాని పక్కనున్న అమెరికా నైరుతి ప్రాంతం. అక్కడ ఎక్కువగా రాళ్ల వాలుల్లో పెరుగుతుంది. వాన పడినా వేళ్ల దగ్గర నీరు ఆగదు. మనకేమో ఏడాది వాన చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. చల్క నేలల్లో ఎలాగో నెట్టుకొస్తుంది, నల్లరేగడిలో కష్టం. కొత్తలో నేనూ దెబ్బతిన్నాను. రేగడి నేలలో గుంత తవ్వి, ఎర్రమట్టి, ఇసుక నింపి ఆరు మొక్కలు పెట్టాను. చుట్టూ రేగడే కాబట్టి ఆ గుంతలు గిన్నెల్లాగా నీళ్లు పట్టుకున్నాయి. నాలుగు కుళ్లిపోయాయి, డబ్బులు వాపస్ ఇచ్చాను.

ఇప్పుడు గుంత తవ్వడమే మానేశాను. నేల మీద అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద పెడతాను. ఎర్రమట్టి ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, గ్రానైట్ చిప్స్ ఒక పాలు. కరీంనగర్ గ్రానైట్ పుణ్యమా అని చిప్స్‌కు మనకు కొరత లేదు. క్రషర్ డస్ట్ మాత్రం కలపకండి, తడిసి ఆరితే బిగుసుకుపోతుంది. మొక్క మొదలు మట్టిలో పూడకుండా, కాస్త పైకే ఉండాలి.

అపోహ: కుండీ అడుగున కంకర పరిస్తే నీరు దిగిపోతుంది.

ఇది నర్సరీల్లో కూడా చెబుతారు, కానీ తప్పు. పైమట్టి పూర్తిగా నానేదాకా నీరు కంకరలోకి దిగదు. అంటే తడి ఇంకా పైకి, వేళ్లకు దగ్గరగా వచ్చిందన్నమాట. చిప్స్ మట్టి మొత్తంలో కలపాలి. కుండీ కింద ప్లేటు తీసేయండి.

అపోహ: ఎంత ఎండకైనా తట్టుకుంటుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి ఆ ఎండలో పెడితే ఆకుల మీద తెల్లమచ్చలు పడతాయి, ఆ మచ్చలు ఇక పోవు. రెండు వారాలు కొంచెం కొంచెంగా ఎండ అలవాటు చేయాలి. ముళ్లు లేని మెత్తటి రకం, అటెన్యుయాటా, ఎప్పటికీ పొద్దుటి ఎండకే సరి. నాటడానికి నేను ఎంచుకునేది బతుకమ్మ పండుగ వెళ్లాక, వానలు తగ్గే సమయం.

అపోహ: నీళ్లే అక్కర్లేదు.

పత్రరంధ్రాలను రాత్రిపూట తెరిచి గాలి తీసుకుంటుంది కాబట్టి నీటి ఖర్చు తక్కువ. అంతమాత్రాన సున్నా కాదు. నేలలో నాటుకున్న మొక్కకు ఎండాకాలం పదిహేను రోజులకోసారి, కుండీలో ఉంటే వారం, పది రోజులకోసారి పోస్తాను. వానాకాలం అసలు ముట్టను.

వందేళ్లకోసారి పూస్తుందన్న మాట కూడా నిజం కాదు. పొలం గట్ల మీద పెరిగే పెద్ద కిత్తనార సాధారణంగా 10 నుంచి 30 ఏళ్లలో పూస్తుంది. పూశాక ఆ మొక్క చనిపోతుంది, పక్కన పిలకలు మిగులుతాయి. ఇంట్లో ముళ్ల మొక్క అరిష్టమనే వారితో నేను వాదించను, పిల్లలు తిరిగే దారికి నాలుగడుగుల దూరంలో పెట్టమంటాను. వాస్తు మాటెలా ఉన్నా కళ్లకు ముల్లు తగలకుండా ఉంటుంది.

అన్నిటికన్నా ప్రమాదమైన అపోహ, ఇదీ కలబందేనని ఆకు కోసి ముఖానికి రాసుకోవడం. దీని రసంలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. చర్మం మండి బొబ్బలు లేస్తాయి. కలబంద ఆకు విరిస్తే లోపల గుజ్జు కనిపిస్తుంది, దీన్ని విరవబోతే నార అడ్డుపడుతుంది. పిలకలు తీసేటప్పుడు నేను గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా చెయ్యి పెట్టను.

ఇప్పటికే మొదలు మెత్తబడితే మందు కొట్టి లాభం లేదు. మొక్కను పీకి, కుళ్లిందంతా తెల్లటి గట్టి భాగం కనిపించేదాకా కోసేయండి. నీడలో వారం ఆరబెట్టి పొడి మట్టిలో పెట్టండి. నడిమొగ్గ లాగితే ఊడి చేతికొచ్చిందంటే మాత్రం ఆ మొక్క మీద ఆశ వదులుకుని, పక్కన గట్టి పిలక ఏదైనా ఉందేమో వెతకండి.