డ్యామ్ మీద నుంచి దూకే నీళ్లు, కింద నుంచి నడిచే నీళ్లు

డ్యామ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది గేట్లెత్తినప్పుడు తెల్లటి నురగతో దూకే నీళ్లే, ఫోటోలు తీసుకునేదీ వాటినే. డిజైన్ చేసే ఇంజనీర్‌ని ఎక్కువ భయపెట్టేది మాత్రం ఎవరికీ కనపడకుండా పునాది కిందుగా, కట్ట లోపలగా మెల్లగా నడిచే నీళ్లు.

నీళ్ల కోసం కట్టేవి చాలా రకాలు. నీళ్లని నిలబెట్టేవి డ్యామ్‌లు, నది మట్టం కాస్త పెంచి కాలువలోకి మళ్లించేవి ఆనకట్టలు, అదే పని గేట్లతో చేస్తే బ్యారేజీలు, నీళ్లు బయటికి వదలడానికి తూములు, అలుగులు, స్పిల్‌వేలు, కాలువకి వాగు అడ్డమొస్తే పైనుంచి దాటించే అక్విడక్ట్‌లు, కిందనుంచి దాటించే సైఫన్‌లు, ఊళ్లమీదికి వరద రాకుండా కరకట్టలు. పేర్లు వేరైనా అన్నిటికీ ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఒకటే: నీళ్లు నెడితే కట్టడం పక్కకి జరుగుతుందా, పైకి లేపితే తేలుతుందా, కింద మట్టి కోసుకుపోతుందా, అనుకున్నదానికంటే పెద్ద వరదొస్తే ఎటు పోతుంది.

ముందు నెట్టడం సంగతి. డ్యామ్ వెనక నీళ్లు ఒక కిలోమీటరు దూరం నిలిచినా వంద కిలోమీటర్లు నిలిచినా గోడమీద పడే ఒత్తిడి ఒకటే, లెక్కలోకొచ్చేది లోతు మాత్రమే. 50 మీటర్ల లోతుంటే గోడ ఒక్కో మీటరు పొడవు మీద సుమారు 1250 టన్నుల తోపు పడుతుంది, లోతు 100 మీటర్లైతే అది రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, 5000 టన్నులు. దీన్ని కాంక్రీట్ గ్రావిటీ డ్యామ్ తన బరువుతో ఆపుతుంది, మట్టి డ్యామ్ కూడా బరువుతోనే, విల్లులా వంగి ఉండే ఆర్చ్ డ్యామ్ అయితే ఆ తోపుని రెండు పక్కల కొండలమీదికి తోసేస్తుంది కాబట్టి పల్చగా కట్టినా సరిపోతుంది, కానీ ఆ కొండ గట్టిదై ఉండాలి. ఫ్రాన్స్‌లో మాల్‌పాసే ఆర్చ్ డ్యామ్ 1959 డిసెంబర్ 2 రాత్రి తెగిపోయింది, ఎడమవైపు రాతిలో నీటి ఒత్తిడి పెరిగి ఆ రాయే కదిలిపోయింది, 400 మందికి పైగా చనిపోయారు. కాంక్రీట్‌ది ఏ తప్పూ లేదు.

ఇక పైకి లేపడం. చెరువులో దిగితే మన ఒళ్లు తేలికైనట్టు డ్యామ్ కూడా తేలికవుతుంది, ఎందుకంటే రాతి పగుళ్లలోంచి నీళ్లు పునాది కిందికి చేరి పైకి తోస్తుంటాయి. బరువునే నమ్ముకున్న డ్యామ్‌కి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? 19వ శతాబ్దంలో చాలామంది డిజైనర్లు దీన్ని లెక్కలోకే తీసుకోలేదు, 1895లో ఫ్రాన్స్‌లోనే బూజే డ్యామ్ పగిలాకే ఈ విషయం గట్టిగా తలకెక్కింది. ఇప్పుడు డ్యామ్ లోపల గ్యాలరీ అని ఒక సొరంగం వదిలి అక్కడ్నించి పునాదిలోకి వరసగా బోర్లు వేస్తారు, కిందికి చేరిన నీళ్లు వాటిలోంచి పైకొచ్చి కాలవలో పడిపోతాయి, ఒత్తిడి తగ్గిపోతుంది.

మట్టి కట్ట కథ వేరు. ఊట లేని మట్టి కట్ట ఉండదు, ఆ ఊట మట్టిని మోసుకుపోతోందా లేదా అన్నదే ప్రశ్న. ఊట తేటగా వస్తే గమనిస్తూ ఉండాలి, బురదగా వస్తే కట్ట లోపల బుంగ పడుతోందని అర్థం, ఇంక టైం లేదు. అమెరికాలో టీటన్ డ్యామ్ మొదటిసారి నిండుతుండగా 1976 జూన్ 3న దిగువన చిన్న ఊటలు కనిపించాయి, నీళ్లు తేటగానే ఉన్నాయి. జూన్ 5 పొద్దున ఊట బురదగా మారింది, ఆ కన్నంలోకి మట్టి తోయడానికి రెండు బుల్‌డోజర్లు పంపితే అవే అందులో పడిపోయాయి, డ్రైవర్లు ఎలాగో బయటపడ్డారు, 11:57కి కట్ట పైభాగం కూలి గండి పడింది. 11 మంది పోయారు. పగుళ్లున్న రాయికి ఆనించి తేలిగ్గా కోసుకుపోయే సన్న మట్టి వేశారు, మధ్యలో దాన్ని ఆపేది ఏమీ లేదు.

ఆపేది ఫిల్టర్. బంకమట్టి వెనక సన్న ఇసుక, దాని వెనక ముతక ఇసుక, ఆ తర్వాత కంకర, ఒక్కో పొర ముందు పొర రేణువుని పట్టుకునేంత సన్నగా, నీళ్లని వదిలేసేంత ముతకగా ఉండాలి. నన్నడిగితే ఈ రంగంలో ఇంత సింపుల్‌గా ఇన్ని ప్రాణాలు కాపాడే ఏర్పాటు ఇంకోటి లేదు.

ఇసుక నేలమీద కట్టే బ్యారేజీలకి కూడా ఇదే గొడవ. నీళ్లు పునాది కింద ఎంత ఎక్కువ దూరం పాకితే అంత వాటి బలం తగ్గుతుందని, అడుగున పరిచే కాంక్రీట్ ఫ్లోర్ పొడుగు పెంచితే చాలని 1910లో బ్లై అనే ఇంజనీర్ చెప్పాడు, కానీ అలా కట్టిన సైఫన్‌లకి కూడా పంజాబ్‌లోని అప్పర్ చీనాబ్ కాలువ మీద ఇబ్బందులొచ్చాయి. ఖోస్లా అనే ఇంజనీర్, ఆయన తోటివాళ్లు పైపులు దింపి కింద ఒత్తిడి నిజంగా ఎంతుందో కొలిచి 1936లో లెక్క తేల్చారు: నీళ్లు బయటికి తన్నుకొచ్చే చివర దగ్గరే ఇసుక లేస్తుంది, అక్కడ లోతుగా నిలువు గోడ దింపకపోతే ఫ్లోర్ ఎంత పొడుగున్నా లాభం లేదు.

పైనుంచి దూకే నీళ్లేమీ సాధువులు కావు. 50 మీటర్ల ఎత్తునుంచి జారితే కిందికొచ్చేసరికి గంటకి దాదాపు 110 కిలోమీటర్ల స్పీడు. అంత స్పీడులో చిన్న గరుకు దగ్గర కూడా ఆవిరి బుడగలు పుట్టి పేలుతూ కాంక్రీట్‌ని కొరికేస్తాయి, 1983లో అమెరికాలో గ్లెన్ కాన్యన్ డ్యామ్ స్పిల్‌వే సొరంగంలో సుమారు 10 మీటర్ల లోతు గుంత పడింది ఇలాగే, తర్వాత నీళ్లలోకి గాలి కలిసేలా గాడి పెట్టి రిపేరు చేశారు. ఇక ఆ స్పీడుని తగ్గించడానికి స్పిల్‌వే కింద స్టిల్లింగ్ బేసిన్ కడతారు, అక్కడ నీళ్లు ఒక్కసారిగా పైకెగసి సుళ్లు తిరిగి తమలో తామే కొట్టుకుని నెమ్మదిస్తాయి.

కట్టడం అయిపోయాక కూడా డిజైన్ పని అయిపోదు. గ్యాలరీలో ఊట కాలవకి అడ్డంగా ఒక రేకు, అందులో వి ఆకారంలో కోత, దానిమీదుగా ఎంత ఎత్తున నీళ్లు పోతున్నాయో చూసి పుస్తకంలో రాస్తుంటారు. రిజర్వాయర్ మట్టం నిన్నటిదే, వాన లేదు, కానీ ఆ రేకుమీద నీళ్లు నిన్నటికంటే రెండు వేళ్లు ఎక్కువ ఉంటే, రాసేవాడు పుస్తకం మూసేసి పైవాళ్లకి ఫోన్ చెయ్యాలి.