టీ, కాఫీ, కూల్ డ్రింకు: పిల్లలకు అవ్వ ఉత్తరం

పెద్దోడికి, చిన్నోడికి, బుజ్జికి,

తిరుపతి నుంచి మీ అవ్వ రాసేది. "అవ్వా, నీకు టీ ఇష్టమా కాఫీ ఇష్టమా, థమ్స్ అప్పా స్ప్రైటా, ఒకటే చెప్పు" అని ఫోన్లో అడిగారు. ఒకటే చెప్పమంటే నాకు కుదరదు. పొద్దున కాఫీ, సాయంత్రం నాలుగింటికి టీ, ఎండాకాలం నన్నారి, కడుపు బరువుగా ఉన్న రోజు ఉప్పేసిన నిమ్మకాయ సోడా. వీటిలో ఏది వదులుకోమన్నా ఒప్పుకోను. కానీ మీ మాటల్లో నాకు నచ్చని సంగతి ఒకటి వినబడింది. బుజ్జికి టీ వాసనే పడదంటే మీరిద్దరూ దాన్ని ఏడిపించారంట, ఇంత పెద్దదానివయ్యావు ఇంకా పాలేనా అని. తాగేదాన్ని బట్టి మనిషిని ఏడిపించడం నాకు అస్సలు గిట్టదు, అందుకే ఫోన్లో రెండు ముక్కలతో సరిపెట్టకుండా కూర్చుని రాస్తున్నాను. పిల్లలకు సైన్సు చెప్పిన దాన్ని కదా, ఎందుకో కూడా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు బుజ్జి సంగతి. చేదు అందరికీ ఒకేలా తెలియదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబులో పీటీసీ అనే పొడిని సర్దుతుంటే కాస్త గాల్లోకి లేచింది. పక్కనున్నాయన అబ్బా ఎంత చేదు అన్నాడు, ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఇద్దరూ మళ్ళీ నాలుక మీద వేసుకుని చూసినా అంతే. తర్వాత తెలిసింది ఏమిటంటే, చేదును పట్టే గ్రాహకాలను తయారుచేసే జన్యువులు మనిషికీ మనిషికీ కొంచెం తేడాగా ఉంటాయి, అవి అమ్మానాన్నల నుంచి వస్తాయి. దానికి తోడు చిన్నపిల్లలకు చేదంటే పెద్దవాళ్ళకంటే ఎక్కువ అయిష్టం, తీపంటే ఎక్కువ ఇష్టం. కాబట్టి మీకు కమ్మగా ఉన్న టీ బుజ్జికి నిజంగానే చేదుగా, వగరుగా ఉండొచ్చు. అది నటించడం లేదు, మారాం చేయడం లేదు. రేపు పెద్దయ్యాక దానికి టీ నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, రెండూ మంచిదే.

నిజానికి ఈ వయసులో టీ పడకపోవడం దానికి లాభమే. టీలో వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు మనం తిన్న ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దన్నారు. మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు రక్తం తక్కువ అనే మాట ఎంత మామూలైపోయిందో చూస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. టిఫిన్ తిన్న చేత్తోనే టీ గ్లాసు అందుకునే అలవాటు మన ఊళ్ళో చాలామందికి ఉంది. టీ మానక్కర్లేదు, ఆ గంట ఆగితే చాలు.

పెద్దోడా, ఇక నీ సంగతి. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, చదువు పేరుతో రాత్రి పదింటికి టీ పెట్టించుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఒక చిన్న కప్పు, అంటే 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది, అదే కప్పు ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 దాకా. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది, అంటే నీ పదింటి టీలో సగం రాత్రి మూడింటికి కూడా నీలోనే ఉంటుంది. మీ మామ పడుకోబోయే ముందు కాఫీ తాగి కూడా హాయిగా గుర్రుపెడతాడు, నాకు సాయంత్రం ఆరు దాటాక తాగితే నిద్ర పట్టదు. కెఫీన్‌ను కరిగించే పని కాలేయానిది, అది కొందరిలో చకచకా జరుగుతుంది, కొందరిలో నిదానంగా. మామను చూసి నువ్వు తాగకూడదు, నీ నిద్ర ఎలా ఉందో చూసుకుని తాగాలి. పరీక్షల టెన్షన్‌లో నిద్ర కూడా పోతే చదివింది తలకెక్కదు.

టీ మనకు తాతముత్తాతల నాటి అలవాటు అనుకుంటారు చాలామంది. కాదు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే ఆయన అస్సాంలో అడవి టీ మొక్కలు ఉన్నాయని తెలుసుకున్నాక తోటలు మొదలయ్యాయి, 1839లో ఆ టీ లండన్లో వేలానికి వెళ్ళింది. పండింది ఇక్కడే అయినా తాగింది ఎక్కువగా అక్కడివాళ్ళే. తర్వాత మన మార్కెట్ కావాలనిపించి, 1903లో టీ మీద సెస్సు వేసే చట్టం తెచ్చి, ఆ డబ్బుతో ప్రచారం నడిపారు. ఊళ్ళల్లో టీ ఎలా పెట్టాలో చేసి చూపించి, ఉత్తినే కప్పులు పంచారు, రైల్వే స్టేషన్లలో బోర్డులు పెట్టారు. మన చిత్తూరు వైపు, తమిళం, కన్నడం పక్కనే ఉన్న ఊళ్ళు కాబట్టి, కాఫీ ముందే ఇళ్ళల్లో పాతుకుపోయింది. ఇత్తడి ఫిల్టర్లో రాత్రే పొడి వేసి మరిగే నీళ్ళు పోసి పెడితే తెల్లారేసరికి డికాక్షన్ దిగి ఉండేది, మా అమ్మ అందులో చికోరీ కలిసిన పొడే వాడేది, నాకు ఇప్పటికీ చికోరీ లేని కాఫీ పల్చగా అనిపిస్తుంది. చికోరీ ఒక వేరు, దాంట్లో కెఫీన్ ఉండదు, రంగు, చిక్కదనం, కాస్త చేదు ఇస్తుంది. వేరే వాళ్ళు అది కల్తీ అంటారు. నాకు మాత్రం అదే కాఫీ రుచి, చిన్నప్పటి నుంచి అదే తాగాను కాబట్టి.

మరి మన టీ ఇంత ఎర్రగా, ఇంత స్ట్రాంగుగా ఎందుకుంటుంది? 1930ల్లో అస్సాంలో ఒక యంత్రం వచ్చింది, దాని రోలర్లు ఆకును నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుట్టేస్తాయి. దాన్నే సీటీసీ టీ అంటారు. ఆకు పొడవుగా ఉంటే నిదానంగా ఊరుతుంది, గుళిక అయితే గబగబా రంగు దిగుతుంది, కొంచెం పొడికే ఎక్కువ కప్పులు వస్తాయి, పాలు పోసినా రుచి చచ్చిపోదు. దక్షిణాది వాళ్ళం ఇంకా మెత్తని డస్ట్ టీ ఎక్కువ వాడతాం. బస్టాండు దగ్గర టీ బంకులో తువ్వాలు గుడ్డలాంటి వడపోత సంచిలోంచి దిగేది ఆ డస్టే. డార్జిలింగ్ టీ తెచ్చి దాంట్లో పాలు, అల్లం, మూడు చెంచాల చక్కెర వేస్తే డబ్బు దండగ, దాన్ని పాలు లేకుండా తాగాలి. నీలగిరి టీ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, కమ్మని వాసన, పాలతోనూ బాగుంటుంది, నాకు ఇష్టం.

చిన్నోడు టీ పెట్టడం నేర్చుకుంటున్నాడంట కదా, విను నాయనా. అల్లం దంచి నేరుగా పాలల్లో వేయొద్దు, పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, నీళ్ళల్లో వేసి బాగా మరిగించావంటే దాని పని అయిపోతుంది, ఆ తర్వాత పొడి, ఆ తర్వాత పాలు. పొడి వేశాక అదే పనిగా మరిగిస్తే వగరు దిగుతుంది, దాన్ని కప్పిపుచ్చడానికి చక్కెర ఎక్కువ వేయాల్సి వస్తుంది. పాలల్లో ఉండే ప్రోటీన్ టానిన్లను పట్టుకుంటుంది, అందుకే పాలు పోయగానే వగరు తగ్గి నున్నగా అనిపిస్తుంది. బెల్లం వేయాలంటే పొయ్యి మీంచి దించాక వెయ్యి, లేకపోతే పాలు విరిగే ప్రమాదం ఉంది. చక్కెర మాత్రం ఎవరి గ్లాసులో వాళ్ళకు వేసివ్వు. మొత్తం గిన్నెలోనే కలిపేస్తే తీపి తక్కువ కావాల్సినవాళ్ళు నోరు మూసుకుని తాగాల్సి వస్తుంది.

ఇప్పుడు మీకు అసలు కావాల్సిన కూల్ డ్రింకులు. నా చిన్నప్పుడు ఉన్నది గోలీ సోడా. ఆ సీసాను 1870ల్లో ఇంగ్లండులో హైరం కాడ్ అనే ఆయన తయారుచేశాడు, మూత ఉండదు, లోపలి గ్యాసే గోలీని రబ్బరు రింగుకు అదిమి పట్టుకుంటుంది, బొటనవేలితో నొక్కితే గోలీ కిందికి దిగి మెడలోని నొక్కు దగ్గర ఆగుతుంది. ఇంత చక్కని ఆలోచన నాకు ఇంకే సీసాలోనూ కనబడలేదు. పెళ్ళిళ్ళకు మాత్రం గోల్డ్ స్పాట్ వచ్చేది, నారింజ రంగుది, అదంటే నాకు ప్రాణం.

థమ్స్ అప్ మనది అని గర్వంగా చెప్పావు చిన్నోడా, దాని కథ చెబుతాను. విదేశీ కంపెనీలు ఇక్కడి వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలని 1973 నాటి ఫెరా, అంటే విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం. జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా ఉన్నప్పుడు దాన్ని గట్టిగా అమలు చేస్తే, వాటా తగ్గించుకుని ఫార్ములా పంచుకోవడానికి ఇష్టపడక కోకా కోలా దేశం వదిలి వెళ్ళింది. ఆ ఖాళీలో ప్రభుత్వ సంస్థ డబుల్ సెవెన్ అనే డ్రింకు తెచ్చింది, ప్యూర్ డ్రింక్స్ వాళ్ళు క్యాంపా కోలా తెచ్చారు, పార్లే వాళ్ళు 1977లో థమ్స్ అప్ తెచ్చారు. గ్యాస్ ఎక్కువ, ఘాటు ఎక్కువ, కారం బాగా తినే మన నాలుకకు అది పట్టింది. 1993లో కోకా కోలా తిరిగొచ్చి థమ్స్ అప్, లిమ్కా, మాజా, నా గోల్డ్ స్పాట్, అన్నీ కొనేసింది. గోల్డ్ స్పాట్‌ను ఆపేశారు, థమ్స్ అప్‌ను మాత్రం జనం వదల్లేదు, మన తెలుగువాళ్ళయితే అసలే వదల్లేదు. అంటే ఇప్పుడు మీరు కోక్ పక్షం, థమ్స్ అప్ పక్షం అని కొట్టుకునేది ఒకే కంపెనీ సీసాల కోసం. చిరంజీవి, తర్వాత మహేష్ బాబు దాన్ని పట్టుకుని కనబడ్డారు, అభిమానులకు అది కూడా రుచిలో భాగమే అయింది. ఇష్టమైన హీరో తాగాడని ఒక సీసా తాగడంలో తప్పులేదు, కానీ నాలుకకు నచ్చిందా, మనసుకు నచ్చిందా అన్నది మీకు తెలిసి ఉండాలి.

తెలుసుకోవడానికి ఒక పని చేయండి. రెండు మూడు రకాలు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి, ఫ్రిజ్ బయట పెట్టి, గ్యాస్ అంతా పోయి గది వేడికి వచ్చాక, కళ్ళు మూసుకుని రుచి చూడండి. చల్లదనం తీపిని తక్కువగా చూపిస్తుంది, గ్యాస్ నాలుక మీద చురుక్కుమని పులుపు తగిలిస్తుంది, ఆ రెండూ పోయాక మిగిలేది ఎంత తీపో అప్పుడు తెలుస్తుంది. కోలాల్లో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది, లేబుల్ మీద రాసే ఉంటుంది చూడండి. పావు లీటరు సీసా అంటే సుమారు 25 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకే రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. నేను తాగొద్దని చెప్పడం లేదు. పుట్టినరోజుకు తాగండి, సినిమాకు పోతే తాగండి. దాహానికి మాత్రం తాగకండి, దాహానికి మంచినీళ్ళు, మజ్జిగ, టెంకాయ నీళ్ళు ఉన్నాయి.

మామిడి డ్రింకుల గురించి మీకు తెలియాల్సింది ఇంకోటి ఉంది, ఎందుకంటే అది మన వైపు సంగతి. చిత్తూరు చుట్టుపక్కల తోటల్లో ఎక్కువగా పండేది తోతాపురి. మే చివరి నుంచి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి, ఆ గుజ్జే దేశమంతా సీసాల్లోకి పోతుంది. కోసుకుని తినడానికి మనకు బేనీషా, అంటే బంగినపల్లి, ముందు తోతాపురి ఆనదు, కానీ గుజ్జు బాగా దిగుతుంది. 2025లో ధర పడిపోయి రైతులు అల్లాడితే కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం కలపాల్సి వచ్చింది. ఫ్రూట్ డ్రింక్ అనడానికి పండు భాగం 10 శాతం ఉంటే చాలు, మిగతాది నీళ్ళు, చక్కెర. అందుకే జూన్‌లో మన ఊరికి వచ్చి కూడా మాజా అడిగితే నాకు బాధగా ఉంటుంది, మీ తాత తెచ్చిన కాయలు పక్కనే గంపలో ఉంటాయి కదా.

నన్నారి నా బలహీనత. సుగంధిపాల తీగ వేరును మరిగించి చక్కెర పాకంలో కలుపుతారు, దాంట్లో నిమ్మకాయ పిండి, నానబెట్టిన సబ్జా గింజలు వేసి చల్లని నీళ్ళో సోడానో పోస్తే, మన ఊరి మే నెల ఎండలో ప్రాణం లేచొస్తుంది. ఆ వేరు వాసనకు కారణమైన పదార్థం నిర్మాణంలో వెనిలా వాసననిచ్చే దానికి చాలా దగ్గర, అందుకే ఐస్‌క్రీమ్ ఇష్టమైన పిల్లలకు ఇది తొందరగా నచ్చుతుంది. ఇందులోనూ చక్కెర ఉందని మరిచిపోవద్దు, మనదైనంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. కొన్ని సీసాల్లో వేరు కన్నా ఎసెన్స్, రంగు ఎక్కువ, వెనక చదివి కొనండి.

చివరగా ఇంకొకరి ఇంటి సంగతి. మన వైపు ఎవరింటికి పోయినా టీ ఇవ్వకుండా పంపరు, వద్దంటే నొచ్చుకుంటారు. బుజ్జీ, నువ్వు "టీ పడదు పెద్దమ్మా, మజ్జిగ ఉంటే ఇవ్వండి" అని అడుగు, ఏదో ఒకటి వాళ్ళ చేత్తో తీసుకుంటే వాళ్ళకు తృప్తి. మీ ఇంటికి ఎవరైనా వస్తే పెద్దోడా, ఏం తాగుతారు, చక్కెర ఎంత అని ముందే అడుగు. షుగర్ ఉన్నవాళ్ళు మొహమాటానికి తీపి టీ తాగేసి పోవడం నేను చాలాసార్లు చూశాను. "ఒక్క గుక్కే కదా" అని బలవంతం చేయకండి.

దసరా సెలవులకు వచ్చేముందు ఎవరికి ఏం కావాలో విడివిడిగా రాసి పంపండి. చిన్నోడా, గ్యాస్ పోయిన థమ్స్ అప్ ఎలా ఉందో నువ్వే రాయాలి, అన్న చేత రాయించొద్దు.

ఇట్లు,
మీ అవ్వ