రెండు నెట్‌వర్క్ కార్డుల లినక్స్ సర్వర్: రూటింగ్, ఫైర్‌వాల్ అపోహలు - వాస్తవాలు

బెంగళూరు ఆఫీసుల్లో రెండు నెట్ కనెక్షన్లు ఇప్పుడు మామూలే. ఒకటి లీజ్డ్ లైను, రెండోది చవగ్గా వచ్చే ఫైబర్ బ్రాడ్‌బ్యాండు. రెండింటినీ ఒకే లినక్స్ సర్వర్‌కి తగిలించాక ఫిర్యాదు మొదలవుతుంది: "మొదటి ఐపీకి కనెక్ట్ అవుతోంది, రెండోదానికి అవట్లేదు." వెంటనే ఎవరో ఒకరు ఫైర్‌వాల్ ఆపేసి చూస్తారు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమే అది. తప్పు ఎక్కువసార్లు జవాబు తిరిగి వెళ్లే దారిలో ఉంటుంది.

కింద చెప్పేవాటికి ఒకే ఉదాహరణ పెట్టుకుందాం. ఈత్0 (మొదటి నెట్‌వర్క్ కార్డు) లో 203.0.113.10, దాని గేట్‌వే (బయటికి వెళ్లే ద్వారం) 203.0.113.1. ఈత్1 లో 198.51.100.20, గేట్‌వే 198.51.100.1. ఈత్2 లోపలి లాన్, 10.10.0.0/16. డిఫాల్ట్ రూట్ (వేరే దారి చెప్పని ప్యాకెట్లన్నీ పోయే దారి) ఈత్0 మీద ఉంది.

అపోహ: ప్యాకెట్ ఏ కార్డులో వస్తే జవాబు ఆ కార్డులోంచే పోతుంది.

పోదు. మామూలు సెటప్‌లో కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) చూసేది జవాబు ఎవరికి వెళ్లాలన్నదే. అడిగినవాడు ఏ కార్డులోంచి వచ్చాడన్నది దానికి పట్టదు. బయటివాడు ఈత్1 ఐపీకి సిన్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) పంపిస్తే, దానికి జవాబైన సిన్-యాక్ డిఫాల్ట్ రూట్ పట్టుకుని ఈత్0 లోంచి బయల్దేరుతుంది. దాని మీద సోర్స్ అడ్రసు మాత్రం 198.51.100.20. మొదటి ప్రొవైడర్ తనది కాని సోర్స్ అడ్రసుతో వచ్చిన ప్యాకెట్‌ని సాధారణంగా పారేస్తాడు. అది అతని తప్పు కాదు, చేయాల్సిన పనే.

రెండో గేట్‌వేని కూడా డిఫాల్ట్‌గా పెడితే సరిపోతుందనుకుంటారు. మెట్రిక్ (రూట్‌కి ఇచ్చే ప్రాధాన్య అంకె) తక్కువున్న రూట్ ఒక్కటే పనిచేస్తుంది, రెండోది ఊరికే కూర్చుంటుంది. అసలు మందు పాలసీ రూటింగ్, అంటే గమ్యాన్నే కాక సోర్స్ అడ్రసుని కూడా చూసి దారి ఎంచడం. మూడు కమాండ్ల పని (టేబుల్ 100 అంటే విడిగా పెట్టుకునే రూట్ల పట్టిక):

ఐపీ రూట్ యాడ్ 198.51.100.0/24 డెవ్ ఈత్1 టేబుల్ 100
ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 198.51.100.1 డెవ్ ఈత్1 టేబుల్ 100
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 198.51.100.20 టేబుల్ 100 ప్రయారిటీ 1000

ఇక్కడొక గుంట ఉంది, చాలామంది పడేది. టేబుల్ 100 లో లోపలి లాన్ రూట్ లేదు. కాబట్టి 198.51.100.20 పేరుతో 10.10.0.0/16 కి వెళ్లాల్సిన జవాబు కూడా ఇంటర్నెట్ గేట్‌వే వైపు పోతుంది. బయటివాళ్లకి బాగుపడి, లోపలివాళ్లకి చెడుతుంది. లాన్ రూట్‌ని కూడా టేబుల్ 100 లో వేయండి. లేదా 1000 కంటే ముందు, 900 ప్రయారిటీతో మెయిన్ టేబుల్‌ని చూడమని ఒక రూల్ పెట్టి, దానికి సప్రెస్_ప్రిఫిక్స్‌లెంగ్త్ 0 చేర్చండి. అప్పుడు మెయిన్ టేబుల్లోని డిఫాల్ట్ రూట్ తప్ప మిగతావన్నీ ముందు చూస్తుంది. రెండో పద్ధతి మేలు. రేపు కొత్త సబ్‌నెట్ వచ్చినా టేబుల్ 100 ముట్టుకోనక్కర్లేదు.

వేశాక చూడాల్సింది: ఐపీ రూట్ గెట్ 8.8.8.8 ఫ్రమ్ 198.51.100.20. జవాబులో ఈత్1 కనపడాలి.

సర్వీసు కంటైనర్లోనో (మెషీన్ లోపలే తన సొంత ఐపీతో విడిగా నడిచే పెట్టె), వెనకనున్న మరో మెషీన్లోనో ఉండి, డీనాట్ (ప్యాకెట్ గమ్యం అడ్రసుని మార్చడం) ద్వారా వెళ్తుంటే పై రూల్ చాలదు. జవాబు ప్యాకెట్‌కి రూట్ వెతికే సమయానికి సోర్స్ ఇంకా కంటైనర్ ఐపీయే. అది పబ్లిక్ ఐపీగా మారేది పోస్ట్‌రూటింగ్ దశలో, అంటే దారి తేలిపోయాక. అందుకని ఈత్1 లోంచి వచ్చిన కొత్త కనెక్షన్‌కి మాంగిల్ టేబుల్ (ప్యాకెట్లని మార్చే ఫైర్‌వాల్ పట్టిక) ప్రీరూటింగ్‌లో, అంటే దారి తేలకముందు దశలో, కాన్‌మార్క్ (కనెక్షన్‌కి పెట్టే గుర్తు) వేయాలి, జవాబు వచ్చేటప్పుడు ఆ మార్క్‌ని రిస్టోర్ చేయాలి, ఎఫ్‌డబ్ల్యూమార్క్ (ప్యాకెట్ మీది ఆ గుర్తు) ఉన్నవాటిని టేబుల్ 100 కి పంపే రూల్ రాయాలి.

అపోహ: టీసీపీడంప్ (ప్యాకెట్లని చూపించే టూల్) లో ప్యాకెట్ కనపడింది, జవాబు లేదు. కాబట్టి ఫైర్‌వాలే.

లోపలికొచ్చే ప్యాకెట్‌ని టీసీపీడంప్ నెట్‌ఫిల్టర్ (కెర్నెల్లోని ఫైర్‌వాల్ భాగం) కంటే ముందే పట్టుకుంటుంది. అక్కడ కనపడిందంటే తీగ మీదుగా వచ్చిందని మాత్రమే అర్థం. ఆ తర్వాత ప్రీరూటింగ్, ఆపైన రూటింగ్ నిర్ణయం, ఆ తర్వాతే ఇన్‌పుట్ చైన్ (ఈ మెషీన్‌కే వచ్చేవాటిని చూసే రూల్స్ వరస). మధ్యలో ఉండే ఆర్‌పీ_ఫిల్టర్ అనే కెర్నెల్ సెట్టింగ్ గుట్టుచప్పుడు కాకుండా ప్యాకెట్‌ని మింగేయగలదు. విలువ 1 అయితే, "ఈ మనిషికి జవాబు పంపాలంటే నేను ఇదే కార్డు వాడతానా?" అని చూస్తుంది. కాదంటే పారేస్తుంది. లాగ్ కూడా రాయదు.

పట్టుకునే గుర్తు ఇది: ప్రీరూటింగ్ చైన్ కౌంటర్ పెరుగుతుంది, ఇన్‌పుట్ కౌంటర్ కదలదు. ఎన్‌స్టాట్ -ఏజెడ్ కొట్టి టీసీపీఎక్స్‌ట్‌ఐపీరివర్స్‌పాత్‌ఫిల్టర్ అంకె పెరుగుతోందేమో చూస్తే సందేహం తీరిపోతుంది. లాగ్_మార్షియన్స్ 1 చేస్తే డీమెసేజ్‌లో కూడా కనపడుతుంది.

"ఆర్‌పీ_ఫిల్టర్ ఆల్‌లో 0 చేశాం, అయినా పోలేదు" అనే మాట తరచూ వినపడుతుంది. పోదు. కెర్నెల్ ఆల్ (అన్ని కార్డులకీ కలిపి పెట్టే) విలువ, ఆ కార్డు విలువ రెండింట్లో పెద్దది తీసుకుంటుంది. ఆల్ 0, ఈత్1 1 అయితే లెక్కలోకి వచ్చేది 1. ఈత్1 కి 2 పెడితే సడలింపు పద్ధతి: ఏదో ఒక కార్డులోంచి జవాబుకి దారి ఉంటే చాలు. అయితే పైన చెప్పిన సోర్స్ రూల్ సరిగా ఉంటే 1 తోనే నడుస్తుంది, ఎందుకంటే ఆ తనిఖీ కూడా పాలసీ రూల్స్‌నే చూస్తుంది. మార్క్ పద్ధతిలో మాత్రం ఎస్‌ఆర్‌సీ_వ్యాలిడ్_మార్క్ (ఆ తనిఖీలో మార్క్‌ని కూడా చూడమనే సెట్టింగ్) 1 చేయాలి, లేదంటే ఆర్‌పీ_ఫిల్టర్‌కి 2 పెట్టాలి.

అపోహ: ఒక లైను పోతే సర్వర్ తనంతట తానే రెండోదానికి మారుతుంది.

కేబుల్ ఊడితే మారొచ్చు. బెంగళూరులో లైను పోయేది అలా కాదు కదా, వీధి చివర రోడ్డు తవ్వి ఫైబర్ తెంపేస్తారు. మీ పక్కనున్న ఓఎన్‌టీ బాక్సు (ఫైబర్ మోడెమ్) మాత్రం కరెంటు మీద వెలుగుతూనే ఉంటుంది, దాని లాన్ పోర్టు అప్‌లోనే ఉంటుంది. సర్వర్ దృష్టిలో గేట్‌వే బతికే ఉంది. ఒక్కో కార్డులోంచి బయటి అడ్రసుకి పింగ్ పంపి, వరసగా కొన్ని పోతే రూట్ మార్చే స్క్రిప్టో, ఆ పని చేసే డీమనో (వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాం) మీరే పెట్టుకోవాలి. గేట్‌వేకి కాక దాని అవతలి అడ్రసుకి పింగ్ చేయండి.

అపోహ: డేటాబేస్‌ని సర్వర్ లోపలి ఐపీ 10.10.0.5 మీదే వినమని పెట్టాం, బయటి కార్డు నుంచి రాలేరు.

లినక్స్ దృష్టిలో ఐపీ మెషీన్‌ది, కార్డుది కాదు. 10.10.0.5 కి ఉద్దేశించిన ప్యాకెట్ ఈత్0 లోంచి వచ్చినా, ఆపే రూల్ లేకపోతే, తీసుకుంటుంది. అదే స్విచ్ సెగ్మెంట్‌లో ఉన్న ఇంకో మెషీన్ అలా పంపగలదు. సర్వీసు వినే అడ్రసుని కాపలా అనుకోకండి. ఫైర్‌వాల్ రూల్‌లో వచ్చే కార్డు పేరు కూడా రాయండి. రెండు కార్డులు ఒకే స్విచ్‌లో, ఒకే వీలాన్ (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్ భాగం) లో ఉంటే ఒక కార్డు ఐపీకి ఇంకో కార్డు ఏఆర్‌పీ (ఈ ఐపీ ఏ కార్డుదని అడిగే పద్ధతి) జవాబు చెప్పే గొడవ కూడా ఇందులోంచే వస్తుంది. ఏఆర్‌పీ_ఇగ్నోర్ 1, ఏఆర్‌పీ_అనౌన్స్ 2 పెడితే అణుగుతుంది.

అపోహ: యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటులో వాడే ఫైర్‌వాల్ టూల్) లో పోర్టు తెరవలేదు కాబట్టి మూసే ఉంది.

డాకర్ (కంటైనర్లని నడిపే టూల్) ఉన్న మెషీన్లో ఈ నమ్మకం ప్రమాదం. కంటైనర్ పోర్టుని పబ్లిష్ చేస్తే డాకర్ డీనాట్ రూల్ వేస్తుంది. ఆ ట్రాఫిక్ ఇన్‌పుట్‌కి రాకుండా ఫార్వర్డ్ చైన్ (వేరే చోటికి దాటేవాటి రూల్స్ వరస) లోంచి పోతుంది. యూఎఫ్‌డబ్ల్యూలో మీరు మామూలుగా రాసే రూల్స్ ఉండేది ఇన్‌పుట్ వైపు. అదే మెషీన్‌కి చాలనుకుంటే 127.0.0.1:5432:5432 అని పబ్లిష్ చేయండి. బయటివాళ్లని వడపోయాలంటే డాకర్-యూజర్ చైన్‌లో రాయండి. అక్కడికి వచ్చేసరికి డీనాట్ అయిపోయి ఉంటుంది, కాబట్టి రూల్‌లో డెస్టినేషన్ పోర్టుగా రాయాల్సింది కంటైనర్ లోపలి పోర్టు. హోస్ట్ 8080, లోపల 80 అయితే 8080 కి రాసిన డ్రాప్ రూల్ ఎవర్నీ ఆపదు.

ఇంకొకటి: డాకర్ డిఫాల్ట్ బ్రిడ్జ్ 172.17.0.0/16. ఆఫీసు వీపీఎన్‌లో అదే రేంజ్ వాడుతుంటే, ఆ మెషీన్‌లోంచి ఆ ఆఫీసు సబ్‌నెట్‌కి దారి మూసుకుపోతుంది. డీమన్ కాన్ఫిగ్‌లో రేంజ్ మార్చుకోండి.

అపోహ: యాక్సెప్ట్ రూల్ ముందుంటే ప్యాకెట్ దాటిపోయినట్టే.

ఎన్‌ఎఫ్‌టేబుల్స్ (లినక్స్ కొత్త ఫైర్‌వాల్ వ్యవస్థ) లో ఒకే హుక్ (ప్యాకెట్‌ని ఆపి చూసే దశ) మీద వేర్వేరు టేబుల్స్‌లో చైన్లు ఉండొచ్చు. ఒకదాంట్లో యాక్సెప్ట్ అయిన ప్యాకెట్ ప్రయారిటీ ప్రకారం తర్వాతి చైన్‌కి వెళ్తుంది, అక్కడ డ్రాప్ అవ్వొచ్చు. డ్రాప్ మాత్రం ఎక్కడైనా ఆఖరిదే. ఫైర్‌వాల్‌డీ (ఇంకో ఫైర్‌వాల్ టూల్) నడుస్తుండగా ఐపీటేబుల్స్ (పాత ఫైర్‌వాల్ టూల్) తో పోర్టు తెరిచి, "తెరిచాం కదా!" అని ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే. ఎన్‌ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్ కొట్టి మొత్తం చూడండి. ఒక టూల్‌తో మొదలుపెడితే దానితోనే ఉండండి. ఫైర్‌వాల్‌డీలో ఏ జోన్‌కీ (కార్డులకి పెట్టే రూల్స్ గుంపు) చేర్చని కొత్త కార్డు డిఫాల్ట్ జోన్‌కి పోతుందని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: భద్రత కోసం ఐసీఎంపీ (పింగ్‌నీ, దారిలోని లోపాల కబుర్లనీ మోసే ప్రోటోకాల్) మొత్తం ఆపేయాలి.

టైప్ 3 కోడ్ 4 ("ప్యాకెట్ మరీ పెద్దది" అనే ఐసీఎంపీ కబురు) ఆపితే, దారిలో ఎక్కడో చిన్న ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) ఉన్నప్పుడు ఆ కబురు సర్వర్‌కి చేరదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అవుతుంది, పెద్ద ఫైలు కాపీ ఆగిపోతుంది. పరీక్ష: పింగ్ -ఎం (పెద్ద అక్షరం) డూ -ఎస్ (చిన్న అక్షరం) 1472. హెడర్లకి 28 కలిపి 1500. అది పోక 1464 పోతే దారిలో 1492 ఉంది, పీపీపీఓఈ (బ్రాడ్‌బ్యాండు లాగిన్ పద్ధతి) అయ్యుండొచ్చు. సర్వరే రూటర్‌గా పనిచేస్తుంటే ఫార్వర్డ్‌లో ఎంఎస్‌ఎస్ క్లాంప్ (టీసీపీ ముక్కల సైజు తగ్గించే రూల్) వేయండి.

అపోహ: రూల్ తీసేశాం, అయినా కనెక్షన్ నడుస్తోంది, కాబట్టి ఫైర్‌వాల్ పనిచేయట్లేదు.

ఎస్టాబ్లిష్డ్ రూల్ (ఇప్పటికే నడుస్తున్న కనెక్షన్లని వదిలే రూల్) దాన్ని వదులుతోంది, అంతే. కొత్త కనెక్షన్‌తో పరీక్షించండి, లేదా కాన్‌ట్రాక్ -డీ (పెద్ద అక్షరం; కనెక్షన్ల పట్టికని సరిచేసే టూల్) తో పాతది తుడిచేయండి.

అపోహ: ఐపీటేబుల్స్‌లో మూస్తే ఐపీవీ6 కూడా మూసుకుంటుంది. లేదు. దానికి ఐపీ6టేబుల్స్ వేరు. ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఐనెట్ ఫ్యామిలీలో రాస్తే రెండూ కవరవుతాయి.

అపోహ: చిన్న మార్పే కదా, దూరం నుంచే చేసేయొచ్చు.

సర్వర్ చెన్నై సిరుసేరి డేటా సెంటర్లో, మీరు మారతహళ్లిలో ఉంటే మధ్యలో సుమారు 350 కిలోమీటర్లు. నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగ్స్ పెట్టే టూల్) ఉంటే అప్లై బదులు ట్రై వాడండి, 120 సెకన్లలో మీరు ఖాయం చేయకపోతే పాతదానికి వెళ్తుంది. ఫైర్‌వాల్ ముట్టుకునే ముందు ఐపీటేబుల్స్-సేవ్‌తో ఒక ఫైలు తీసి, 5 నిమిషాల తర్వాత దాన్ని రిస్టోర్ చేసేలా సిస్టమ్‌డీ-రన్‌తో టైమర్ పెట్టండి. అంతా బాగుంటే టైమర్ ఆపేయండి. ఐపీ రూల్ కమాండ్లు రీబూట్‌తో పోతాయి కాబట్టి, పనిచేశాయని తేలాక వాటిని నెట్‌ప్లాన్ రూటింగ్-పాలసీలోనో, నెట్‌వర్క్‌మేనేజర్ ప్రొఫైల్లోనో రాయండి. ఆ తర్వాత ఒకసారి కావాలని రీబూట్ చేసి ఐపీ రూల్ షో చూడండి, ఐపీఎంఐ కన్సోల్ (నెట్‌వర్క్ పోయినా దూరం నుంచి సర్వర్ స్క్రీన్ చూపే దారి) పాస్‌వర్డ్ చేతిలో పెట్టుకుని.